శనివారం మూలిగే కారు

బండ్ల కరెంటు పని నేర్చుకునే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ తాగుతూ, "తాతా, నీ సర్వీసుల అన్నిటికంటె పెద్ద ఫాల్ట్ ఏది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. పెద్ద ఫాల్టుతో బాధేముంది? డైనమో కాలితే వాసన వస్తుంది. వైరింగు మాడితే పొగ వస్తుంది. పని రానివాడు కూడా చూసి చెప్పగలడు. మిస్త్రీని ఏడిపించి చంపేది చిన్న ఫాల్టు. షాపులో ఉన్నంతసేపు బుద్ధిమంతురాలిలా ఉంటుంది, ఊరి పొలిమేర దాటగానే మళ్లీ మొదలుపెడుతుంది. అట్లాంటిదొకటి కొన్ని నెలల పాటు నా నెత్తి మీద ఎక్కి కూర్చుంది. దాని సంగతి చెప్తాను. మీ మీటర్లు కాసేపు పక్కన పెట్టి వినండి.

మానుకోటలో ట్రాక్టర్ల దగ్గర వైర్లు చుట్టడం నేర్చుకుని, జనగామకు వచ్చి హైదరాబాదు రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో పనికి కుదిరాను. ఎనభైలు అప్పుడప్పుడే మొదలైన రోజులు. ఎండాకాలం ఆ రేకుల కింద మనిషి పెనం మీద రొట్టెలా కాలేవాడు. షెడ్డు నడిపే ముసలాయనను ఊరంతా ఉస్తాద్ అనే పిలిచేది. మంచి పనిమంతుడు, కానీ నిదానం. ఏ బండి వచ్చినా ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి, బీడీ ముట్టించి, "ఏంది బేటా, ఏం తక్లీఫ్ నీకు?" అని బండినే అడిగేవాడు. బండి జవాబు చెప్పినట్టు తల కూడా ఊపేవాడు. నేను చేతిలో స్పానరు పట్టుకుని ఆ ముచ్చట ఎప్పుడైపోతుందా అని చూస్తూ నిలబడేవాడిని.

మా పక్క షెడ్డులో ఇంజన్ మిస్త్రీ ఒకడుండేవాడు. ఏ బండి తన దగ్గరికి పోయినా, "ఇంజన్ల ఏం లేదు, కరెంట్ల ఉన్నది, అటు పో" అని మా మీదికి తోసేవాడు. టైరు పంక్చరైనా కరెంటే అనే రకం. ఈ కారు కూడా అట్లా తోయగా వచ్చిందే.

తరిగొప్పుల దిక్కు ఒక ఊరి పటేల్‌ది ఆ కారు. వాళ్ల నాయన కొన్నాడు. తెల్లరంగు ఎప్పుడో మాసి మజ్జిగ రంగులోకి దిగింది. అరవై తొమ్మిది ఉద్యమం రోజుల్లో అది జనం మధ్య ఇరుక్కుపోయి, ముందరి రెండు లైట్లూ రాళ్ల దెబ్బకు పగిలాయట. ఎవరో మిస్త్రీ అప్పటికప్పుడు కొత్త లైట్లు పెట్టి, తనకు తోచినట్టు వైర్లు లాగి పంపాడు. ఆయన ఎవరో నాకు తెలియదు. తెలిసి ఉంటే పోయి నాలుగు మాటలు అడిగి వచ్చేవాడిని.

ఒక ఆదివారం పొద్దున ఆ కారు డ్రైవరు షెడ్డు ముందు దిగాడు. పటేల్ ఊరి పక్కనే ఉన్న తండా మనిషి. కొత్తగా పెళ్లయినవాడు, మెత్తనివాడు, బండిని పసిపిల్లలా చూసుకునేవాడు.

"అన్నా, బండి మూలుగుతాంది."

"మూలుగుడేందిరా, బాలింతనా?"

"నిజమన్నా. లైటేస్తె హారన్ మూలుగుతది. ఎడమ దిక్కు ఇండికేటర్ ఏస్తె రెండు లైట్లు కన్ను గొడ్తయి. హారన్ గట్టిగ కొడ్తె లైట్లు గుడ్డివైతయి."

"రాత్రి ఎంత తాగినవ్?"

"నేను సారా ముట్టనన్నా," అన్నాడు చిన్నబుచ్చుకుని.

బంపర్ దగ్గర వేలాడుతున్న నిమ్మకాయ, మిరపకాయల దండకు మోకాలు తగలకుండా పక్కకు జరిగి, బానెట్ ఎత్తాను. లైటు వెయ్యమన్నాను. నిజంగానే మూలిగింది. సన్నగా, లోలోపల, కడుపునొప్పితో మనిషి మూలిగినట్టు. ఉస్తాద్ బీడీ పక్కన పెట్టి, "ఎర్త్ చూసినవా?" అని అడిగాడు. బ్యాటరీ దగ్గర ఎర్త్ పట్టీ చూశాను. గట్టిగా ఉంది. అయితే హారనే అనుకుని, హారన్ విప్పి, తుడిచి, వైర్లు గుంజి బిగించాను. మూలుగు ఆగిపోయింది. నా అంతటి మిస్త్రీ జనగామలో లేడని ఆ పూట అనుకున్నాను.

మరుసటి ఆదివారం మళ్లీ అదే కారు, అదే డ్రైవరు, అదే మూలుగు.

ఈసారి లైటు స్విచ్చి మార్చాను. ఆగింది. ఇంకో వారం పోయాక మళ్లీ వచ్చింది. ఇండికేటర్ డబ్బా మార్చాను. ఆగింది. మళ్లీ వచ్చింది. డైనమో కటౌట్ విప్పి పాయింట్లు గీకాను. ముందునుంచి వెనక్కి పోయే వైర్లన్నీ ఊడదీసి కొత్త వైర్లు లాగాను. ఏం చేసినా నాలుగు రోజులు బాగుండేది, శనివారం సాయంత్రానికి మళ్లీ రాగం ఎత్తుకునేది. నాకు కలలో కూడా ఆ మూలుగే. ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఇండికేటర్ గురించి ఆలోచిస్తుంటే మా ఆవిడ, "ఆ కారునే చేసుకోకపోయినవా," అని కంచం ముందు నుంచి లేచిపోయింది. పక్క షెడ్డు ఇంజన్ మిస్త్రీ రోజూ అటువైపు పోతూ, "ఏంది, పురుడైందా?" అని అడిగేవాడు. వాడిని కొట్టకుండా ఎట్లా ఉన్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

"అన్నా, గిది శనివారమే ఎందుకైతాంది?" అని డ్రైవరు ఒకరోజు మెల్లగా అడిగాడు.

"కారుకు వారాలు తెల్వయిరా."

"మరి మా పెద్దవ్వ గట్లనే అంటాంది. శని పట్టిందంటాంది."

పెద్దవ్వ అంటే పటేల్ తల్లి. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. పటేల్ ఊరికి పెద్ద, ఇంట్లో మాత్రం ఆమె ముందు నోరు పెగలని కొడుకు. కారు మూలిగిందని తెలిసిన ప్రతి వారమూ ఆమె ముందు కట్టే దండకు ఇంకో నిమ్మకాయ పెంచిందట. నేను పెద్దగా పట్టించుకోలేదు కానీ, మొదట్లో ఒకటే ఉన్న నిమ్మకాయ తర్వాత తర్వాత గుత్తిలా తయారైంది. బానెట్ ఎత్తాలంటే ఆ గుత్తికి తగలకుండా ఒంగీ ఒంగీ నడుము పట్టేసేది.

ఇంతలో ఒక సాయంత్రం చీకటి పడే వేళ పటేల్ తరిగొప్పుల నుంచి వస్తుంటే, లైట్లు ఒక్కసారిగా పోయి కారు పొలంలోకి దిగింది. పటేల్ నుదురు ముందు అద్దానికి కొట్టుకుని బొప్పి కట్టింది. అంతే, విషయం నా చేతిలోంచి జారి ఊరి నోట్లో పడింది.

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం కాకముందే డ్రైవరు కారు తీసుకుని షెడ్డుకు వచ్చాడు. బండి దిగగానే నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, నువ్వు ఊరికి రావాలె. ఇప్పుడే రావాలె. మా యాడి మీద వేస్తున్నరు."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఉస్తాద్ వాడిని బల్ల మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. వాడు తాగకుండా చెప్పుకుంటూ పోయాడు.

సంగతి ఇది. కారు మొదటిసారి మూలగడానికి ముందు రోజు వాళ్ల అమ్మ పటేల్ ఇంటికి వచ్చింది. తండాలో తీజ్ పండుగ, కొడుకును ఆ రెండు రోజులు ఇంటికి పంపమని అడగడానికి. పెద్దవ్వ కుదరదంది. ఈమె ఏదో తనలో తాను వాళ్ల భాషలో అనుకుంటూ, వాకిట్లో ఉన్న కారు పక్కనుంచి, ఒక చెయ్యి దానికి ఆనించి నడిచిపోయింది. ఇప్పుడు ఆ మాటలు మంత్రమయ్యాయి, ఆ చెయ్యి చేతబడి అయింది.

"మీ అమ్మ ఏమన్నదిరా ఇంతకు?"

"ఏమంటదన్నా. తండ నుంచి నడిచి వచ్చింది. దూప అయింది. 'గింత పెద్దింట్ల గుక్కెడు నీళ్లు కూడ ఇయ్యలే' అనుకుంట పోయింది. కండ్లు తిరిగితె బండికి చెయ్యి ఆనించింది. గంతే. సాయంత్రం మంత్రగాన్ని పిలిపిస్తున్నరన్నా. పొద్దటి నుంచి మా యాడిని వాకిట్ల కూసోబెట్టిండ్రు."

నేనూ ఉస్తాదూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చేతబడి మాట పడిన మనిషిని ఊరు ఏం చేస్తుందో మాకు తెలియనిది కాదు. ముందు కట్టేసి కొడతారు. తర్వాత, మంత్రం మళ్లీ పలకకుండా, ఇంత రాయి తీసుకుని ముందుపళ్లు ఊడగొడతారు. పళ్లు లేని నోటితో సంతలో కూరగాయలు అమ్ముకునే ఒకామెను మానుకోటలో నేను చూశాను. ఆమె బేరమాడితే ఎవరికీ సరిగ్గా అర్థమయ్యేది కాదు.

"పటేల్ ఏమన్నడు?" అన్నాడు ఉస్తాద్.

"మిస్త్రీ వచ్చి బండిల ఫాల్ట్ ఉన్నదని చెప్తె సరే, లేకపోతె నేనేం చెయ్యలేనన్నడు. అన్నా, ఉన్నదని చెప్పన్నా. నీ కాల్మొక్త."

"చెప్తె నమ్మరురా. చూపియ్యాలె," అన్నాను. ఏం చూపించాలో నాకే తెలియదు. కారులో మార్చగలిగినవన్నీ మార్చేశాను. ఉస్తాద్ షట్టరు దించి, స్పానర్ల సంచి నా భుజానికి తగిలించి, ముందు సీట్లో కూర్చున్నాడు.

పటేల్ వాకిట్లోకి పోయేసరికి ఎండ నడినెత్తిన ఉంది. జనం చేరారు. పని ఎగ్గొట్టడానికి ఒక సాకు దొరికితే మనవాళ్లు ఎంత తొందరగా చేరతారో నేను చెప్పక్కర్లేదు. డ్రైవరు తల్లి కొట్టం గోడ వార నేల మీద కూర్చుని ఉంది. చేతుల నిండా తెల్లగాజులు, తల మీద కొంగు. ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. లేదు. పొద్దంతా కోత కోసి కూర్చున్న మనిషిలా అలసిపోయి, ఎటో చూస్తూ ఉంది. పెదవులు ఎండిపోయి తెల్లబడ్డాయి. డ్రైవరు పోయి జీతగాడిని నీళ్లడిగాడు. వాడు పెద్దవ్వ దిక్కు చూసి, వినబడనట్టు పక్కకు తిరిగాడు.

పెద్దవ్వ అరుగు మీద ఇత్తడి పళ్లెం ముందు పెట్టుకుని కూర్చుంది. పళ్లెంలో నిమ్మకాయలు, మిరపకాయలు, పసుపు, ఇంత ఉప్పు. పటేల్ నుదుటి మీద బొప్పి తడుముకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"చూడు మిస్త్రీ. నేను హన్మకొండల చదువుకున్నోన్ని. నాకు గీ మంత్రాలు తంత్రాల మీద నమ్మకం లేదు. కని ఇన్ని మాట్ల బాగుచేస్తివి. ఆగలే. ఇంకేమనుకోవాలె?"

నాకు ఫాల్టు దొరకలేదని ఆ ముసలామె పళ్ల మీదికి పోతున్నాడన్నమాట.

"ఒక్కసారి చూడనియ్యి పటేలా," అని బానెట్ ఎత్తాను.

డ్రైవరు లైటు వేశాడు. కారు మూలిగింది. జనం ఒక్క అడుగు వెనక్కి వేశారు, అన్ని తలలూ కొట్టం గోడ దిక్కు తిరిగాయి. ఆమె మాత్రం కదలలేదు. నాకు చెమటలు కారిపోతున్నాయి. ఫ్యూజులు చూశాను, హారన్ వైరు చూశాను, స్విచ్చి చూశాను. అన్నీ కొత్తవి, అన్నీ నేను పెట్టినవే, అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఎప్పటిలాగే నిమ్మకాయల గుత్తికి తగలకుండా మోకాలు ఇటు పెట్టి, నడుము అటు వంచి, ఒంటిచేత్తో వైర్లు వెతుకుతుంటే కాలు జారింది. దండ కట్టిన రాగితీగ కొస నా బొటనవేలిలో దిగింది. దిగితే దిగింది, దాని మీద పొద్దున కట్టిన పచ్చి నిమ్మకాయ రసం. ప్రాణం జివ్వుమంది. ఇన్ని నెలల కోపమంతా ఒక్కసారి ఎగదన్ని, మీ ముందు చెప్పలేని ఒక తిట్టు తిట్టి, ఆ గుత్తిని చేత్తో పట్టి ఒక్క గుంజు గుంజి అవతల పారేశాను.

వాకిలి మొత్తం నోరు తెరిచింది. పెద్దవ్వ, "అయ్యో, ముట్టుకున్నవురా! ముట్టుకున్నవ్!" అని లేచి నిలబడింది.

నాకు అవేవీ వినపడటం లేదు. గుత్తితో పాటు ఒక నట్టు కూడా ఊడి వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. బంపర్ వెనక, నంబరు పలక పక్కన, పైకి పొడుచుకుని వచ్చిన బోల్టు ఒకటి కనిపించింది. దాని చుట్టూ నాలుగైదు వైర్ల కొసలు, పచ్చగా తెల్లగా చిలుం పట్టి, ఊడి వేలాడుతున్నాయి. కారు ముందుభాగానికి ఎర్త్ అదే.

మీకు తెలుసు కానీ తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. కరెంటు దీపం దాకా వైరులో పోతుంది. తిరిగి బ్యాటరీకి కారు ఇనుము మీదుగానే వస్తుంది. ఆ వచ్చే దారిని ఎర్త్ అంటాం. అది మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, దొడ్డిదారి వెతుక్కుంటుంది. లైటులో నుంచి రావలసింది హారన్లో దూరుతుంది, ఇండికేటర్లో దూరుతుంది. అందుకే లైటు వేస్తే హారన్ మూలిగింది. అరవై తొమ్మిదిలో తొందరపడ్డ ఆ మిస్త్రీ ముందరి ఎర్త్ వైర్లన్నిటినీ ఒకే బోల్టుకు బిగించి పోయాడు. బయటికి పొడుచుకుని చేతికి అందే బోల్టు అది ఒక్కటే కాబట్టి, పెద్దవ్వ ఈ మధ్య శనివారం శనివారం దాని నట్టు వదులు చేసి, దండ తీగ దాని కింద చుట్టి, ఉప్పు కలిపిన పసుపునీళ్లు చిలకరించి, మళ్లీ రెండు వేళ్లతో బిగిస్తూ వచ్చింది. వారాలు గడిచేకొద్దీ నిమ్మరసం బోల్టును తిన్నది. నేను ఏది మార్చినా వైర్లు కదిలి కొసలు నాలుగు రోజులు బోల్టుకు ఆనేవి, అందుకే బాగైనట్టు కనిపించేది. కారు మూలిగినప్పుడల్లా ఆమె నిమ్మకాయలు పెంచింది. నిమ్మకాయలు పెరిగినప్పుడల్లా కారు ఇంకా గట్టిగా మూలిగింది.

మరి డ్రైవరు చూడలేదా అంటే, పూజ దండ తండావాడు ముట్టకూడదని ఆ ఇంటి కట్టడి. కారంతా వాడి చేతిలో పెట్టారు, ఆ ఒక్క జానెడు చోటు తప్ప. మరి మేం చూడలేదా అంటే, ఒకరి దిష్టి తీసిన నిమ్మకాయ ఇంకొకరు ముట్టుకోరు కదా! నాకు అలాంటి నమ్మకాలు లేవని పది మందిలో చెప్పుకునేవాడిని. ఉస్తాద్ ముసల్మాన్, ఆయనకు ఆ దండతో సంబంధమే లేదు. అయినా ఇద్దరం దాని చుట్టూ ఒంగి, సర్కస్ చేసి పని చేశామే తప్ప, ఒక్కనాడు పక్కకు జరిపి చూడలేదు. సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా చాటింపు వేసినట్టయింది. తర్వాత నేను భూపాలపల్లి పోయి, బొగ్గు బావుల దిక్కు తిరిగే జీపులు బాగుచేసిన రోజుల్లో, ఏ బండి వచ్చినా ముందు దానికి కట్టిన నిమ్మకాయ విప్పి పక్కన పెట్టేవాడిని. బండివాళ్లు అరిచినా వినేవాడిని కాదు. మీరు కూడా ఏ బండి దగ్గరైనా అందరూ తప్పించుకుని తిరుగుతున్న చోటు ఏదో చూసి, ముందు అక్కడ చెయ్యి పెట్టండి.

సరే, వాకిట్లోకి వద్దాం. గరుకు కాగితంతో బోల్టు రుద్ది, వైర్ల కొసలు గీకి, స్పానరుతో బిగించాను. లైటు వెయ్యమన్నాను. వెలిగింది. మూలుగు లేదు. ఇండికేటర్ వేస్తే ఇండికేటరే కొట్టుకుంది. హారన్ కొడితే హారనే మోగింది. డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

ఇక అయిపోయిందనుకున్నాను. జనంలోంచి ఒక పెద్దమనిషి, "చూసిండ్రా! నిమ్మకాయ తెంపంగనే మంత్రం తెగింది. అంటే మంత్రం పెట్టింది గా తండా ఆమేనన్నట్టే కదా," అన్నాడు. "అవును, అవును," అన్నారు ఇంకో నలుగురు. పటేల్ కూడా తల ఊపడం మొదలుపెట్టాడు. నాకు నెత్తి గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఫాల్టు దొరికింది, బండి బాగయింది, అయినా ఆ ముసలామె అక్కడే, అదే గోడ వార ఉంది. స్పానరు పట్టుకుని ఆ పెద్దమనిషి మీదికి పోబోయాను. ఉస్తాద్ నా చొక్కా వెనకనుంచి పట్టుకున్నాడు. తర్వాత అరుగు దగ్గరికి పోయి, చేతులు కట్టుకుని, తన నిదానపు గొంతుతో అన్నాడు.

"పెద్దమ్మా, ఇంకో దండ కట్టుండ్రి. మీరు ఎట్ల కడ్తరో గట్లనే, మీ చేత్తోని."

పెద్దవ్వ పళ్లెం తీసుకుని దిగి వచ్చింది. ఒంగి ఆ నట్టు తిప్పబోయింది. తిరగలేదు.

"గిది తిరుగుతలేదు. గింత గట్టిగ ఎవడు బిగించిండు?"

"నేనే అవ్వా."

"ఇన్ని దినాలు మంచిగ తిరిగె కదా!"

"గదే అవ్వా తక్లీఫ్," అని నేనే స్పానరుతో వదులు చేసి ఇచ్చాను. ఆమె తీగ కింద చుట్టింది, పసుపునీళ్లు చిలకరించింది, రెండు వేళ్లతో నట్టు తిప్పింది, దండం పెట్టుకుంది. డ్రైవరు లైటు వేశాడు.

కారు మూలిగింది.

దండ తీసి, తుడిచి, నేను బిగిస్తే ఆగింది. ఆమె మళ్లీ కడతానంది. కట్టింది. మూలిగింది. తీస్తే ఆగింది. "ఇంకోమాటు," అంది మొండిగా. మళ్లీ అదే. ఆమె లేచి నిలబడి, పసుపు అంటిన తన వేళ్ల దిక్కు చూసుకుంది.

"గీ మూలుగుడు నా చేతికెల్లి వస్తాందా?"

"బోల్టు వదులయితాంది అవ్వా. గంతే."

"బోల్టు ముచ్చట కాదు. చెయ్యి ఎవరిదని అడుగుతున్న."

"అమ్మా, ఎండ కొడ్తాంది, లోపలికి నడువు," అన్నాడు పటేల్.

"నువ్వాగురా." ఆమె జనం దిక్కు తిరిగింది. "పొద్దటి నుంచి మస్తు మాట్లాడిండ్రు కదా. ఇప్పుడు చెప్పుండ్రి. మరి చేతబడి చేసింది నేనేనా?"

ఇందాకటి పెద్దమనిషికి బర్రెకు నీళ్లు పెట్టలేదన్న సంగతి అప్పుడే గుర్తుకొచ్చి మెల్లగా జారుకున్నాడు. ఆయన వెనకే ఇంకొందరు. పెద్దవ్వ పళ్ల జోలికి పోదామని ఎవరూ అనలేదు. అనరు కూడా. చెయ్యి పటేల్ ఇంటిదైతే అది వదులైన నట్టు, తండాదైతే చేతబడి. నాకు ఆ రోజు కారు మీద వచ్చిన కోపం ఎప్పుడో తగ్గిపోయింది కానీ, ఈ కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. పెద్దవ్వ మీద ఉన్న కోపం మాత్రం అక్కడే సగం చచ్చిపోయింది. ఆ ప్రశ్న అడిగే ధైర్యం ఆ వాకిట్లో ఆమె ఒక్కదానికే ఉంది.

ఆమె జీతగాడిని పిలిచి, "ఆమెకు నీళ్లియ్యి," అంది.

వాడు చెంబు తెచ్చి, దోసిలి పట్టమని పైనుంచి ఒంపబోయాడు. డ్రైవరు తల్లి దోసిలి పట్టలేదు. లేచి, వాడి చేతిలోంచి చెంబే తీసుకుంది. నడుచుకుంటూ కారు దగ్గరికి, పెద్దవ్వ ముందుకు వచ్చింది. పళ్లెంలో మిగిలిన దిష్టి నిమ్మకాయల్లో ఒకటి చేతిలోకి తీసుకుంది. ఆమె ఆ నిమ్మకాయను ముందుపళ్లతో కొరికి చీల్చింది. గట్టి పళ్లు. చెంబులోకి పిండి, తొక్క అవతల పడేసి, తల ఎత్తి గటగటా తాగింది. తాగినంతసేపూ పెద్దవ్వ ఆమెనే చూస్తూ ఉంది.

చెంబు దించి, మూతి కొంగుతో తుడుచుకుని, ఈసారి అందరికీ అర్థం కావాలని తెలుగులోనే అంది.

"జర ఉప్పుంటె మంచిగుండు."

పెద్దవ్వ ఉప్పున్న ఆ పళ్లేన్ని ఆమె ముందుకు పట్టింది.